నీలవ్వ ఒడిబియ్యం

నాకు మనసు బాగా లేకపోతే నేను చుట్టే బీడీలు వదులుగా వస్తాయి. ఆ వారం సగం కట్టలు వాపసు వచ్చాయి. అంతా ఆ సినిమా పుణ్యమే.

తప్పు నాదే, కాదనను. రెండేళ్ల కింద సినిమా వాళ్లు కామారెడ్డిలో మా ఇంటికి వచ్చి, ఎల్లారెడ్డి దగ్గరి మా పాత ఊరి చెరువు కథ చెప్పమన్నారు. చెప్పాను. రాజుల కాలంలో చెరువు కట్ట ఎంతకూ నిలవకపోతే, మా ఇంటి ఆడబిడ్డ నీలవ్వ గండిలో నిలబడింది. ఆమె మీదే మట్టి పోశారు, కట్ట నిలిచింది. అంతేనా అని అడిగారు. అంతే అన్నాను.

అంతే కాదు. ఆఖరు మాట ఒకటుంది. దాన్ని ఒడిబియ్యం పోసేటప్పుడు, ఒడి పట్టిన పిల్ల చెవిలోనే చెప్పాలని మా ఇంటి ఆనవాయితీ. ఇంకా ఉంది, చెప్పకూడదు అనైనా అనాలి కదా. ఈ పాడు నోటికి ఆ మాట రాలేదు.

మిగిలింది వాళ్లు కల్పించుకున్నారు. సినిమాలో నీలవ్వ కోరలతో కట్టను చీల్చుకుని లేస్తుంది. తనను పూడ్చిన వాళ్ల ఇల్లిల్లూ తిరిగి పిల్లలను తింటుంది. నా కొడుకు శేఖర్ తొమ్మిదేళ్ల బిడ్డ స్నిగ్ధను తీసుకుపోయి మరీ అది చూపించాడు. వాడిని ఏమనాలి? అప్పటి నుంచి పిల్ల తలుపు గడియ మూడుసార్లు చూసుకుని గాని పడుకోదు.

ఏటా చెరువు నిండగానే కట్ట మీదికి వెళ్లి, ఆడబిడ్డకు పుట్టింటి వాళ్లు ఒడిలో పోసినట్టే, నీలవ్వకు ఒడిబియ్యం పోస్తాం. ఆమె పేరున మా ఇంటి పెళ్లికాని పిల్ల కూర్చుని ఒడి పట్టాలి. నిరుటి దాకా పెద్ద మనవరాలు పల్లవి పట్టింది, ఎండాకాలంలో దానికి పెళ్లయింది. ఇక మిగిలింది స్నిగ్ధ ఒక్కతే. అది కూర్చోకపోతే నీలవ్వకు ఈసారి బియ్యం లేవు. ఈ ఏడాదికి వదిలేయమన్నాడు శేఖర్. ఇన్ని తరాలు వదలనిది నా చేతుల్లో వదలాలట.

ఎలాగో బతిమాలి బస్సెక్కించాను. తాడ్వాయి దాటగానే అది ఎల్లారెడ్డిలో దిగనని మొండికేసింది. అరవడానికి నాకు ఓపిక లేదు. మోకాళ్లు గుంజుతున్నాయి, కళ్లు మండుతున్నాయి, పసుపు కలిపిన బియ్యం మూట తొడల మీద బండలా ఉంది. ఇక చాలు నీలవ్వా, నన్ను వదిలెయ్ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"అవ్వా, గామె రాత్రి మనింటికొస్తదా?" అంది స్నిగ్ధ, నా కొంగు పట్టుకుని.

నేను దాచిన మాటనే అది అడుగుతోంది. మూట ముడి విప్పాను. గౌను చాపమని, కట్ట మీద పోయాల్సిన బియ్యం బస్సులోనే ఐదు పిడికిళ్లు పోశాను. కండక్టరు వింతగా చూశాడు. చూస్తే చూడనీ. పిల్ల చెవి దగ్గరికి వంగాను.

"రాదు బిడ్డా. మట్టి మెడదాక వచ్చినప్పుడు వాళ్ల బాపుతోని ఒక్కటే మాటన్నది. బాపూ, నేనింక పుట్టింటికి రాలేను, ఏడాదికొక్కసారి మీరే రాండ్రి అన్నది. గంతే."

లింగంపేట వచ్చింది, పోయింది. స్నిగ్ధ ఒడిలోకి చూస్తూ కూర్చుంది.

"మరి మనం పోకపోతే?" అంది చివరికి.

"ఎదురుచూస్తది."

ఎల్లారెడ్డి బస్టాండులో నాకంటే ముందు అదే లేచింది. గింజ కింద పడకుండా గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని, నన్ను తొందరగా దిగమంది.