మేడ్చల్ తీగ

మొక్కల జబ్బుల మీద పరిశోధన చేయడానికి వెళ్లేవాడు జబ్బు మొక్కను సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తాడా? వెళ్తాడు. బుద్ధి గడ్డి తింటే ఎవడైనా వెళ్తాడు. పదేళ్ల కిందట నేను వెళ్లాను.

ఆస్ట్రియాలో చెక్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు అది. వందల ఏళ్ల నాటి సంత, దాని కింద సొరంగాల్లా వైన్ సెల్లార్లు, చుట్టూ ద్రాక్షతోటలు. నాకు గది అద్దెకిచ్చిన గెర్ట్రూడ్ ఆంటీకి ఊరి చివర పదకొండు సాళ్ల ద్రాక్ష ఉండేది. ఆఖరి సాలు పక్కనే సరిహద్దు రాయి. రాయి దాటితే చెక్ దేశం, అక్కడ వాక్లావ్ తోట. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా ఒకరి కోతకు ఒకరు సాయం వెళ్లేవారు.

మేడ్చల్‌లో మా నాన్న ద్రాక్షతోట ప్లాట్లుగా మారిన ఏడాది అది. పందిరి పీకేస్తుంటే ప్రాణం ఒప్పక రెండు కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. ఎయిర్‌పోర్టులో ఎవడూ అడగలేదు. అడిగి ఉంటే ఎంత బావుండేది! ఆంటీ సంబరపడి వాటిని ఆఖరి సాలులో నాటింది.

ఇప్పుడు నేను సింగపూర్ సైన్స్ పార్కులో మొక్కల వైరస్‌ల మీద పని చేస్తున్నాను. సెప్టెంబరులో ఆంటీ ఫోన్ చేసింది. ఆకులు ఎర్రబడి చుట్టుకుపోతున్నాయట, కాయకు తీపి ఎక్కడం లేదట.

"ఆ వాక్లావ్ ఎక్కడివో చవక మొక్కలు తెచ్చి నాటాడు. వాడితో మాటలు మానేశాను. నువ్వు పరీక్ష చేసి కాగితం ఇవ్వు ప్రసాద్, వాడి మొహాన కొడతాను."

ఈసారి పర్మిట్ తీసుకునే రెండు తోటల ఆకులూ తెప్పించాను. ఫలితం నమ్మలేక మళ్లీ పరీక్ష చేశాను. అది మా మేడ్చల్ తోటల వైరస్. నా కొమ్మతో వెళ్లి, పిండినల్లి పురుగు వెంట సాలు తరువాత సాలుకు పాకింది. దీనికి మందు లేదు, తీగలు పీకి తగలబెట్టాల్సిందే. వాక్లావ్ తోట ఆకులు శుభ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి క్లెమెంటిలోని మా ఫ్లాట్‌లో నా భార్య ఉదయశ్రీకి చెప్పాను.

"మొక్కల సైంటిస్టే మొక్కలు స్మగుల్ జేసిండంటే నీ జాబ్ ఉంటదా? వర్క్ పాస్ క్యాన్సిల్ అయితే పిల్లల స్కూల్ ఎట్ల? సప్పుడు జేయకుండ ఉండు," అంది.

తప్పు ఆమె మీదకు నెట్టను. ఆ మాట అంటుందని తెలిసే అడిగాను.

"మెషీన్ ఖాళీ లేదు ఆంటీ" అని ఒకసారి, "ఇంకో వారం పడుతుంది" అని ఇంకోసారి బొంకాను. వాక్లావ్ రోజూ పొద్దున్నే వచ్చి రాయి దగ్గర నిలబడుతున్నాడని, తాను మొహం తిప్పుకుని వెళ్లిపోతున్నానని ఆవిడ గొప్పగా చెప్పింది.

చివరికి ఓ శనివారం మధ్యాహ్నం మా బ్లాక్ కింద బల్ల మీద కూర్చుని వీడియో కాల్ చేశాను. సిగ్గు విడిచి అంతా చెప్పాను. ఆవిడ తోటలోనే ఉంది; కెమెరాను సరిహద్దు రాయి వైపు తిప్పింది. రాయి అవతల ఒక్క తీగ లేదు. ఉత్త మట్టి, ట్రాక్టర్ చాళ్లు.

"మంగళవారం మొత్తం పీకించాడు. 'నా తోటే నీకు అపకారమైతే అది నాకొద్దు' అని చీటీ రాసి నా తలుపు కింద పెట్టాడు. తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను. ఊరంతా చాటాను."

"నేను ఆయనతో మాట్లాడతాను ఆంటీ. నంబరివ్వండి."

"కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. ఎవరి ఫోనూ ఎత్తడం లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆవిడ అడిగింది.

"ఫలితం నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "మూడు వారాలైంది," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

"మంచివాణ్ని ఊళ్లో దొంగను చేశాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు," అని ఫోన్ పెట్టేసింది.