కింద నుంచి మోత

నాకు నోరెక్కువ. మా అత్తగారు అనేవారు, మా ఆయన అంటారు, నేనూ కాదనను. వీధిలో నాతో పెట్టుకుని నెగ్గినవాళ్లు లేరు. అలాంటిదాన్ని, ఒక్క మాట బయటికి రాక మింగలేక కక్కలేక చచ్చాను.

మా ఇంటి ముందుభాగం మా ఆయన కార్లు బాగుచేసే షెడ్డు. వెనక గదిలో నా కుట్టుమిషను. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పని చేసుకుంటూ పోట్లాడుకోవడానికి వీలుగా. ఈ మధ్య ఆ పోట్లాట నేనొక్కదాన్నే ఆడుతున్నాను. పిలిస్తే ఆయన పలకరు. కుక్కర్ కూత పెట్టీ పెట్టీ అలిసిపోయినా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటారు. మా టీవీలో వార్తలు పక్కింటావిడ తన వంటింట్లోంచే వింటోంది. చెవులు చూపించుకోండి మహానుభావా అంటే, "నువ్వు అరవడం తగ్గించు, అవే బాగుపడతాయి" అంటారు. నవ్వి ఊరుకునేదాన్ని. ఇంట్లో వినబడకపోతే కొంపేం మునుగుతుంది?

మునిగేది షెడ్డులో. మా ఆయన పనంతా చెవితోనే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. లోపల ఏది అరిగిందో చెప్పేస్తారు. విప్పకుండా చెబుతాడన్న పేరు మీదే ఎక్కడెక్కడి కార్లో మా గుమ్మం ముందు ఆగుతాయి. ఆ పేరే మా బతుకు.

మా మరిదిని ఇంట్లో అందరం చిన్నోడు అంటాం. కారు అద్దెకు తిప్పుతాడు. వాణ్ణి పెంచింది, చదివించింది, స్టీరింగ్ పట్టడం నేర్పింది అన్నీ మా ఆయనే. ఆ రోజు వాడి తెల్ల కారు వెనకాల పొగ కక్కుకుంటూ వచ్చి షెడ్డులో ఆగింది.

"పోసిన ఆయిలంతా తాగేస్తోంది అన్నయ్యా, ఎత్తు కనబడితే మొరాయిస్తోంది. బాగుచేయిద్దామా, ఇంజినే మార్చేద్దామా? పాత సామాన్ల షాపాయన దగ్గర ఇదే మోడల్ ఇంజిన్ ఉంది. వెనక దెబ్బ తగిలిన కారుదంట, ముందు చెక్కుచెదరలేదంట. ఇంకెవరో కూడా అడుగుతున్నారు, రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు."

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. ఇలాంటప్పుడు ఆయన చెప్పేది నాకు కంఠతా వచ్చు. ఉత్త పొగే అయితే పైన పిస్టన్ల రింగులు అరిగినట్టు. విప్పి, కొత్తవి వేసి, అదే ఇంజిన్ని మళ్లీ నిలబెట్టొచ్చు. కింద నుంచి టకటకా మోత వస్తే మాత్రం అడుగున తిరిగే షాఫ్టుకే చేటొచ్చినట్టు. అలాంటిదాన్ని నమ్ముకోకూడదు, మార్చేయాలి.

"స్టార్ట్ చెయ్యరా," అన్నారు.

నేను దిండు గలీబు కుడుతున్నాను. నా మిషను చప్పుడులోంచి కూడా వినిపించింది. టక్ టక్ టక్ టక్. ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టు. కాలు ఆపాను. ఆపితే ఇంకా బాగా వినిపించింది. ఇంకేముంది, ఇంజిన్ మార్చాల్సిందే అనుకుంటూ లేచి గుమ్మంలోకి వచ్చాను.

మా ఆయన వంగి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. చాలాసేపు విన్నారు. మొన కిందికి జరిపారు. ఆ తర్వాత చెవి మార్చారు. ఇన్నేళ్లలో ఆయన చెవి మార్చడం నేను చూడలేదు.

నడుం పట్టుకుని లేచారు. "కింద భేషుగ్గా ఉంది. మోతే లేదు. రింగులు, అంతే. విప్పి బాగుచేద్దాం."

చిన్నోడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. ఇంజిన్ టకటకలాడుతూనే ఉంది.

"అన్నయ్యా, ఇంకోసారి వింటావా?"

"ఏం? నీకేమైనా వినిపిస్తోందా?"

చిన్నోడు తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. "అబ్బే, నాకేం తెలుసు అన్నయ్యా," అన్నాడు.

నేను గొంతు పెంచాను. "ఎందుకొచ్చిన గొడవండీ, మార్చేస్తే పోలా?"

"ఎవడెలా తోలాడో తెలియని ఇంజిన్ నా తమ్ముడి బండిలో పెట్టనా? నీ గలీబుల సంగతి నువ్వు చూసుకో తల్లీ!"

ఇంకో రోజయితే ఆ మాటకి ఆయన్ని ఉతికి ఆరేసేదాన్ని. ఆ రోజు గమ్మున లోపలికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

చిన్నోడు మంచినీళ్ల వంకతో వెనకాలే వచ్చాడు. "వదినా, విన్నావుగా?"

"చెవుల్లో సీసం పోసుకున్నా వినబడుతుంది. చెప్పరా మీ అన్నయ్యకి."

"నేనా? నావల్ల కాదు. నువ్వే చెప్పు, నీకు నోరుంది."

"ఆ నోరే పెగలట్లేదురా," అన్నాను.

వాడు గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "విప్పాక ఆయనే చూస్తాడులే."

"విప్పేలోగా ఆ ఇంజిన్ ఇంకొకడు ఎత్తుకుపోతాడు! కారు లేకపోతే నువ్వేం చేస్తావురా?"

"ఏదో ఒకటి చేస్తాను. నీకు చెవులు పోయాయి అన్నయ్యా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను వదినా? ఆ మాట విన్నాక ఆయన ఇంక స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాడా?" వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొహం అటు తిప్పుకుని నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర గుండె రాయి చేసుకుని, "ఏమండీ" అన్నాను. పలకలేదు. భుజం తట్టాను. "ఏంటి?" అని మొహమంతా నవ్వు చేసుకుని చూశారు. తమ్ముడి ఇంజిన్ తన చేత్తో నిలబెడుతున్నాననే సంతోషం అది.

"కూర వేయనా?" అన్నాను.

మర్నాడు గొలుసు కట్టి ఇంజిన్ దించుతుండగా చిన్నోడి ఫోన్ మోగింది. విని, పెట్టేసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. షాపాయన ఆ ఇంజిన్ వేరేవాళ్లకి ఇచ్చేశాడు. మా ఆయన ఈల వేసుకుంటూ బోల్టులు విప్పుతున్నారు. శ్రుతి తప్పిన ఆ ఈల వింటే నాకు ఏడుపొచ్చింది.

ఇంజిన్ అడుగు రేకు తీశారు. లోపల చెయ్యి పెట్టి షాఫ్టుని పట్టి ఉంచే బేరింగు ముక్క ఒకటి ఊడబెరికారు. నున్నగా మెరవాల్సింది, రాగి బయటపడి, అంచులు కొరికినట్టు ఉంది. షాఫ్టు మీద గోరు పెట్టి గీశారు. గోరు గాడిలో దిగబడింది. ఈల ఆగిపోయింది.

బేరింగు ముక్క అరచేతిలో పెట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయారు.

"ఇంతలా తినేసిందంటే మోత రాకుండా ఉండదే," అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. తలెత్తారు. "ఏమే, నీకు వినిపించిందా?"

తల ఊపాను.

"మిషను తొక్కుతుండగానే?"

"వినిపించిందండీ."

అప్పుడు గమనించాను, ఆయన నా కళ్లల్లోకి చూడట్లేదు, పెదాలు చూస్తున్నారు. ఎన్నాళ్లనుంచి అలా చూస్తున్నారో, నేనెన్నాళ్లనుంచి గమనించలేదో ఆ దేవుడికే తెలియాలి.

"వీడికి?"

చిన్నోడు తల దించుకున్నాడు. మా ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఆయన ఆ ముక్కని గుడ్డతో శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టారు. "షాపాయనకి ఫోన్ చెయ్యరా, ఆ ఇంజినే పెడదాం," అన్నారు.

"అది పోయింది అన్నయ్యా. పర్లేదు, ఇంకోటి దొరుకుతుందిలే."

ఇంకోటి దొరకలేదు. తెల్ల కారు షెడ్డు మూల బానెట్ తెరుచుకుని పడి ఉంది. చిన్నోడు ఎవరి కారుకో డ్రైవరుగా కుదిరి, పొద్దున్నే మా ముందునుంచే వెళ్తాడు. వెళ్తూ హారన్ కొడతాడు. మా ఆయన తలెత్తరు.

ఆయన పనిలోకి వస్తున్నారు, టైర్లు మారుస్తున్నారు, ఆయిల్ మారుస్తున్నారు. స్క్రూడ్రైవర్ మాత్రం మేకుకే వేలాడుతోంది. డాక్టర్ దగ్గరికి కూడా లాక్కెళ్లాను. చెవి లోపలి నరం దెబ్బతిందని, పోయిన వినికిడి తిరిగి రాదని, వినికిడి మిషను పెట్టుకుంటే మాటలు కాస్త తెలుస్తాయని చెప్పాడు. పెట్టుకున్నారు. ఇంజిన్ పక్కన నిలబడితే అన్నీ కలిసిపోయి ఒకటే హోరు అంటారు.

నిన్న బడి మాస్టారు కారు తెచ్చారు. పాత ఖాతాదారు. "ఏదో మోత వస్తోంది. బాగుచేయిస్తే సరిపోతుందో, ఇంజిన్ మార్చాలో మీరు విని చెబితే చాలు, నాకింకేం వద్దు," అన్నారు. అంటున్నంతసేపూ మా ఆయన మాస్టారి పెదాలే చూశారు. తర్వాత మేకు దగ్గరికి వెళ్లి స్క్రూడ్రైవర్ తీశారు.

"ఏమే, ఇలా రా," అన్నారు.

నన్ను వంగమన్నారు. మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి నా చెవికి పెట్టారు. ఒక్కసారిగా లోపలంతా మీద పడింది. గరగర, టికటిక, బుస్సుమని ఏదో, దాని వెనక ఇంకేదో.

"ఏం వినిపిస్తోంది?"

"అన్నీ వినిపిస్తున్నాయండీ."

"అందులో తేడాగా ఉన్నది ఏది?"

ఆయనలాగే కళ్లు మూసుకున్నాను. ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. ఏది మంచిదో, ఏది చెడ్డదో, నాకేం తెలుస్తుంది?

"తెలియట్లేదండీ," అన్నాను.

ఆయన నా పెదాలే చూస్తూ, మొన కొంచెం కిందికి జరిపారు.

"ఇప్పుడు?" అన్నారు.