పాలు ఆపిన పూట

"పురుట్లో ఫోన్ చూత్తే కళ్లు మసకేస్తాయే," అంటూ రత్నాలు కోడలి ఫోన్‌ని బీరువా మీదకి ఎక్కించింది. కాన్పయి వారం. సీలేరు కరెంటు కాలనీ క్వార్టర్‌లో సాయిదుర్గ వెనకగది దాటకూడదు, వంటిల్లు ముట్టకూడదు. పొత్తిగుడ్డలు ఉతకడానికి మాత్రం ఏ మైలా అడ్డు రాలేదు. గుమ్మంలో కూర్చుని గుడ్డలు జాడిస్తున్నా, ఆమె చెవులు బీరువా మీదే ఉన్నాయి.

విశాఖలో కాన్పయ్యాక డాక్టర్ జయశ్రీ పాప మడమ గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు అట్టముక్క మీద అద్ది పరీక్షకి పంపుతానంది. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు ముదరకముందే తెలుస్తాయట. "పుట్టీపుట్టగానే గుంటని గుచ్చడం ఏటి, వద్దు," అన్నాడు భర్త వరహాలరావు. పోయినేడు తొలిచూలు కొడుకు పచ్చబడి, పాలు కక్కుకుని, కళ్లు తెరవకుండా పోయినప్పుడు ఈ మనిషే "నీ పాలు పడలేదే వాడికి" అన్నాడు. అత్త ఇంకో అడుగు వేసి, "దాని పాలు విషం" అని కాలనీ అంతా చెప్పింది. ఆ అత్త పరాయిది కాదు, సొంత మేనత్త. తల్లి లేని పిల్లని తెచ్చి కొడుక్కి చేసుకున్న మనిషి. అందుకే ఆ మాట మరీ లోతుగా దిగింది. ఏడాదిపాటు సాయిదుర్గ స్నానాల గదిలో తన ఒంటి వంక తాను చూసుకోలేదు. ఈసారి మాత్రం భర్త మాట పూర్తికాకముందే, "గుచ్చండి మేడం, ఫోన్ నంబరు నాదే రాసుకోండి," అనేసింది. ఆ తెగువ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

నిన్నటి నుంచి ఈ పాప కళ్లూ పచ్చబడ్డాయి. తాగినవన్నీ కక్కేస్తోంది.

"కామెర్లే. గాడిద పాలు పోత్తే తగ్గిపోతాయి," అంది రత్నాలు. పాలు పొద్దున్నే వరహాలరావు చేత తెప్పించి ఉంచింది. పాపని కాళ్ల మీద వేసుకుని ఉగ్గుగిన్నె అందుకుంది.

ఫోన్ మోగింది. సాయిదుర్గ తడి చేతులతోనే స్టూలెక్కింది.

"సాయిదుర్గా, డాక్టర్ జయశ్రీని. పాపకి పాలు ఆపు. నీ పాలు, ఆవు పాలు, ఏవీ వద్దు. పాలల్లో ఉండే చక్కెర ఆ ఒంటికి అరగదు, లోపల విషమవుతుంది."

"నా పాలు విషమా మేడం?"

"నీ పాలు మంచివే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం లోపం కలిస్తే వచ్చే జబ్బిది. మేనరికాల్లో ఎక్కువ చూస్తాం. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది, కానీ అప్పటిదాకా ఆగొద్దు. అక్కడి ఆసుపత్రిలో గ్లూకోజ్ పెట్టించుకుని అంబులెన్స్‌లో వచ్చెయ్. సోయా పాలతో పెంచుకోవచ్చు. టైముకి తెలిసింది, బతికించుకుందాం."

సాయిదుర్గ వెనక్కి తిరిగింది. ఉగ్గుగిన్నె ముక్కు పాప పెదాలకి ఆనుతోంది. స్టూలు మీద నుంచి ఒక్క దూకు దూకింది. గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది.

"పిచ్చెక్కిందేటే? సుబ్బరమైన పాలు పారబోసీసినావు."

"ఏ పాలూ వద్దంట అత్తా. నావీ ఇవ్వను."

"కన్నతల్లివేనా నువ్వు? పురిటి స్తానం అవకుండా గడప దాటితే..."

దాటేసింది. పాపని గుండెకి అదుముకుని, నడుముకి పురిటి కట్టుతో, కాలనీ ఆడవాళ్లంతా చూస్తుండగా ఆసుపత్రికి పరుగెత్తింది. వెనకాలే రొప్పుతూ రత్నాలు, "బేగి నడవకే, పచ్చి బాలింతవి," అని తిడుతూనే వచ్చింది.

పాపకి గ్లూకోజ్ ఎక్కుతుండగా, అత్తాకోడళ్లతో అంబులెన్స్ గూడెం కొత్తవీధి ఘాట్ ఎక్కింది. దారిలో సాయిదుర్గ డాక్టర్ చెప్పిందంతా అత్తకి చెప్పింది. అప్పుడు డ్యూటీ నుంచి వరహాలరావు ఫోన్ చేశాడు. "ఏటి సేత్తన్నావే? గుంటకి పాలు మాన్పించీసినావంట. మా వంశంలో ఇలాంటి జబ్బుల్లేవు, వెనక్కి రా."

స్పీకర్‌లో ఆ గొంతు విని రత్నాలు ఫోన్ లాక్కుంది. "ఉన్నాయిరా. నీకు ముందు ఇద్దరు పోయారు, ఇలాగే పచ్చబడి. నాదీ మేనరికమే గదా. మీ నాయినమ్మ నా పాలు విషమంది. నీ నెత్తురూ సూత్తారేమో, బేగి విశాఖ వచ్చీ." కాల్ కట్ చేసేసింది.

సాయిదుర్గకి ఒళ్లు మండిపోయింది. "తెలిసీ నన్నంత మాటన్నావా అత్తా?"

"తెలిస్తే అందునేటే. నా పాలు విషమని నమ్మీసినాను. మేనకోడలివి కదా, నీకూ నాదే వచ్చిందనుకున్నాను."

ఇంకేదో అడగబోయేంతలో పాప కదిలింది. పొద్దుటి నుంచి గుడ్డముక్కలా వాలిపోయిన పిల్ల తలతిప్పి, నోరు తెరిచి, తల్లి రొమ్ము కోసం వెతుక్కుంటూ గుక్కపట్టి ఏడ్చింది. సాయిదుర్గ జాకెట్టు పాలతో తడిసిపోయింది. చేతులు వాటంతటవే హుక్కు దాకా వెళ్లి ఆగాయి.

"నువ్వెత్తుకో అత్తా. నా వాసనకే ఏడుస్తోంది," అని బిడ్డని అందించి, ముందుకి జరిగి, డ్రైవర్ బుధు వెనక సీట్లో కూర్చుంది.

"ఎంత గట్టిగా ఏడుస్తందో సూడవే," అంది రత్నాలు బెంగగా.

పోయినేడు తన కొడుకు చివర్లో ఏడవనేలేదు. ఏడ్చే ఓపిక వాడికి మిగల్లేదు.

"ఏడవనీ అత్తా," అంది సాయిదుర్గ, కన్నీళ్లతో నవ్వుతూ. "విశాఖ దాకా ఏడవనీ."