తొడిగేవాడి తరుగు

మంచం మీది మనిషిని లేపకుండా కింద దుప్పటి మార్చడం ముదస్సిర్‌కి ఇప్పుడు నిద్రలోనైనా వచ్చే పని. పెద్దాయనను గోడవైపు ఒత్తిగిలించాడు. పాత దుప్పటిని వీపు వెంబడి చుట్టి, దాని వెనకే కొత్తది పరిచి, ఆయన్ని ఇటు దొర్లించి రెండోవైపు లాగేశాడు. మూల మడిచి పరుపు కింద దోపి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఎముక ఎక్కడో టక్కుమంది. ఇంకా పొద్దెక్కనే లేదు.

"బాబూ, మంచినీళ్ళు," అన్నాడు పెద్దాయన.

"ఇస్తున్నా తాతా."

నందిగామలో నర్సింగు స్కూలు, దానికి అనుబంధంగా ఈ ఆసుపత్రి. ముదస్సిర్‌కి ఇది మూడో ఏడు. రోజూ జగ్గయ్యపేటలో తెల్లవారకముందే బస్సెక్కి, కిటికీకి తల ఆనించి, హైవే మీద ఒక కునుకు తీసి దిగుతాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తెల్ల చొక్కా కాలరు అరిగితే వాళ్ళమ్మ షాహిదాబీ తిప్పి కుట్టింది. తోటి విద్యార్థుల కంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అతని ఒంట్లో చెప్పుకోదగ్గవి చేతులొక్కటే. వేళ్ళు పొడవు, బొటనవేలి మెత్తన మాత్రం కాయకాచి గట్టిపడింది. అది నర్సింగువల్ల వచ్చిన కాయ కాదు. ఎలా వచ్చిందో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఏ సరుకుకైనా గిరాకీ ఉండాలి. మగ నర్సుకి గిరాకీ ఉందని అతను మూడేళ్ళ కిందట నమ్మాడు. ఉంది గానీ, తాను అనుకున్న చోట లేదు. ఆక్సిజన్ సిలిండరు దొర్లించాలంటే ముదస్సిర్. లావుపాటి మనిషిని బల్ల మీదకి ఎత్తాలంటే ముదస్సిర్. ఆపరేషనుకి ముందు మగవాళ్ళకి గొరగాలన్నా, తాగొచ్చి అరిచేవాణ్ణి పట్టుకోవాలన్నా, శవాన్ని గదిదాకా తోయాలన్నా అతనే. ఆడవాళ్ళ వార్డులోకి వెళితే మాత్రం చెంగులు బిగుసుకుంటాయి, మొహాలు గోడవైపు తిరుగుతాయి. "ఆడపిల్లని పంపండమ్మా" అన్న మాట వినిపిస్తుంది. అప్పుడు ట్రే పట్టుకుని వెనక్కి నడవడం అతనికి సిలిండరు తొయ్యడం కంటే బరువు.

నిన్న సాయంత్రం వాళ్ళ నాన్న చాంద్ బాషా తేల్చి అడిగాడు.

"పెళ్ళిళ్ళ సీజను వచ్చేస్తంది. నా కళ్ళకి సైజులు ఆనడం లేదు. కొట్టు ఉంచుకుంటామో వదిలేస్తామో రేపు సాయంత్రానికి ఓనరుకి చెప్పాలి. వస్తావా, అక్కడే ఉంటావా? ఏదో ఒకటి చెప్పు."

"రేపు చెప్తా నాన్నా."

దుప్పట్లు మారుస్తూ అతను తేల్చుకుంటున్నది ఆ జవాబునే. మూడేళ్ళు పెట్టిన దాన్ని వదిలేస్తే నష్టం. గిట్టదని తెలిసి ఇంకా పెడితే అంతకంటే నష్టం. వ్యాపారస్తుడి కొడుక్కి ఆ మాత్రం తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను చేసి, వస్తున్నానని చెప్పేస్తే సరి. త్రాసు అటే మొగ్గుతోంది.

"ముదస్సిర్! ఒకసారి రండి," పక్క వార్డు గుమ్మంలోంచి సూసన్ సిస్టర్ పిలిచింది. ఆమె వార్డు ఇన్‌ఛార్జి. ఏళ్ళ తరబడి నిలబడే పనిచేసిన మనిషి కాబట్టి గుమ్మానికి ఆనుకుని మాట్లాడుతుంది. "కిటికీ పక్క మంచం. పేషెంటు పేచీ పెడుతోంది. మీరూ బెన్నీ వచ్చి చెయ్యి పట్టుకోండి."

కిటికీ పక్క మంచం మీద ఆదెమ్మ దిండ్లకి చేరగిలబడి కూర్చుని ఉంది. గుండె బలహీనపడి ఒళ్ళంతా నీరుపట్టింది. పడుకుంటే ఊపిరాడదు. కాళ్ళు నొక్కితే గుంటపడి, ఆ గుంట అలాగే ఉండిపోతోంది. కుడిచేతి నరం నిన్ననే పాడైంది. ఎడమచేతికి సూది పెట్టాలి. ఆ చేతికేమో ఆరు ముదురుపచ్చ గాజులు, మణికట్టు వాచి చర్మంలోకి దిగిపోయాయి. మంచం పక్కనే కింద, ఆమె మొగుడు శాంతయ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"గుడ్డ చుట్టి విరగ్గొట్టేద్దాం. ఇలా ఉంచితే వేళ్ళకి రక్తం ఆడదు," అంది సూసన్.

"కావాలంటే చెయ్యి తీసుకోండి. గాజుల జోలికి రావద్దు," అంది ఆదెమ్మ. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటోంది.

శాంతయ్య తల పైకెత్తాడు. "దానికి గాజుల పిచ్చండి. పాస్టరుగారు ఆదివారం ఆదివారం చెప్పినా మానలా. కోడలు మానేసింది. ఇది మానలా."

"పాస్టరుగారికేం, ఆయన చేతికి వాచీ ఉందిగా," అంది ఆదెమ్మ. పక్క మంచం మీది ఆడమనిషి కిసుక్కున నవ్వింది.

తోటి విద్యార్థి బెన్ని ఆమె భుజం పట్టుకుందామని ముందుకొచ్చాడు. ముదస్సిర్ రాలేదు. అతని మోకాళ్ళు వాటంతటవే వంగాయి. మంచం పక్కన గొంతుక్కూర్చుని, మోచెయ్యి తొడమీద ఆనించి, అరచెయ్యి చాపి ఊరుకున్నాడు. చూపు ఆమె మొహం మీద పెట్టలేదు, మణికట్టు మీద పెట్టాడు. ఆడమనిషి చెయ్యి మనం తీసుకోకూడదు, ఆమే ఇవ్వాలి. ఇచ్చేదాకా మన చెయ్యి అక్కడే ఉండాలి. అలా ఆగడం అతనికి ఈ స్కూల్లో నేర్పింది కాదు. పత్తి తీతలయ్యాక, క్రిస్మస్ ముందు, తండ్రి మోపెడ్ వెనక సీటు మీద గాజుల పెట్టె పట్టుకుని ఊరూరా తిరిగిన రోజుల్లో ఒంటికి పట్టింది. ఇన్నాళ్ళూ ఈ వార్డులోకి ట్రే పట్టుకుని వచ్చి నిలబడ్డాడే గాని, ఇలా కూర్చుని అడగాలని తోచలేదు.

ఆదెమ్మ కొంచెంసేపు చూసింది. బరువైన చేతిని ఎత్తి ఆ అరచేతిలో పెట్టింది. అతను బొటనవేలి కింద కీలు వెతికి మెత్తగా నొక్కాడు.

"ఈ నొక్కుడు నాకు తెలుసు," అంది ఆమె. "పేట బాషా కొడుకువి కదూ నువ్వు? పెట్టె మోసుకొచ్చేవాడివి. గంజి తాగమంటే సిగ్గుపడేవాడివి."

వార్డు వార్డంతా విన్నది. బెన్ని కూడా. ముదస్సిర్ చెవులు వెచ్చబడ్డాయి.

"అవును మామ్మా."

"మరి ముందే చెప్పవేం!"

సబ్బునీళ్ళు అడిగాడు. మణికట్టంతా రాసి, వాపుని వేళ్ళతో పైకి తోస్తూ, నాలుగు వేళ్ళనీ దగ్గరకి కూర్చి, మొదటి గాజుని కీలు మీదుగా వాలుగా జరిపాడు. వచ్చింది. రెండోది వచ్చింది. ఆమె పళ్ళ బిగువున ఉంది గాని చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అయిదు గాజులు గుడ్డ మీద చేరాయి. చివరిది లోతుగా దిగి ఉంది. కీలు దాకా వచ్చి, చిన్న చప్పుడు చేసి విరిగింది. విరిగే క్షణంలో అతను తన అరచేతిని దాని కిందకి తిప్పేశాడు. తెగింది అతనికి.

"పగిలిందా?"

"పగిలింది మామ్మా."

"తరుగు ఎవరిది?"

వాళ్ళ వ్యాపారంలో ఉన్న కట్టుబాటు ఒక్కటే. తొడిగేటప్పుడు గాని తీసేటప్పుడు గాని తమ చేతిలో పగిలింది తమదే. ఆడవాళ్ళని అదలా ఎందుకు కదిలించావని, ఇదిలా ఎందుకు లాగావని అనకూడదు. మాట్లాడకుండా ఇంకొకటి తొడగాలి.

"మాదే మామ్మా."

"అయితే సాయంత్రానికి తెచ్చి తొడుగు. ఇదే పచ్చ, లోపల బంగారుగీతది." ఆగి ఊపిరి తీసుకుంది. "చప్పుడు లేని చెయ్యి... నాది కానట్టుంటది."

"తెస్తా."

 సూసన్ అతని అరచేతికి దూది అదిమి కట్టు కట్టి, చేతితొడుగులు ఇచ్చి, సూది ఉన్న ట్రే అతనివైపే జరిపింది. ముదస్సిర్ నరం చూసుకుని సూది పెట్టాడు. ఆడమనిషికి, ఆమె ఇచ్చిన చేతికి, అతను సూది పెట్టడం అదే మొదలు. అదే బోణీ అనుకున్నాడు. అలసటలో సంతోషం సగమే తెలిసింది. అయిదు గాజులనీ గాజుగుడ్డలో కట్టి శాంతయ్యకి ఇచ్చాడు.

"ఓ బాషా కొడుకా," పక్క మంచం మనిషి పిలిచింది. "నా చేతికి నిన్న పెట్టింది మంట పుడతంది. చూసిపో."

వరండాలో బెన్ని కాచుకుని ఉన్నాడు. "ఏంటన్నా, మీది గాజుల బిజినెస్సా? మూడేళ్ళనుంచి నోరు విప్పలా!"

"విప్పితే ఏమంటావో తెలియదా? నర్సమ్మకి గాజులు కూడా ఉన్నాయంటావ్."

"అంటా. అనకుండా ఎట్టుంటా? అని, మా చెల్లి పెళ్ళికి మీ కొట్టుకే తీసుకొస్తా."

కొట్టు అనగానే గుర్తొచ్చింది. చెట్టు నీడలో టిఫిను డబ్బా విప్పి ఫోను చేశాడు. వస్తున్నానని చెప్పడానికి చేసిన ఫోను. చెప్పింది మాత్రం గాజు సంగతి.

"ఆదెమ్మా?" అటువైపు చాంద్ బాషా గొంతు. "కీసర అవతల పల్లె. శాంతయ్య పెళ్ళాం. రెండు నాలుగు సైజు చెయ్యి."

"ఇప్పుడు కాదు నాన్నా. నీరుపట్టింది. రెండు ఎనిమిది కూడా దూరదు."

అటువైపు పెట్టెలు జరుపుతున్న చప్పుడు. "రెండు పది తెస్తాలే. ఆ గీతది పాత సరుకు, వెతకాలి."

"నువ్వెందుకు? ఎవరైనా బస్సులో వచ్చేవాళ్ళకిచ్చి పంపు."

"తరుగు మనది. సరుకు ఒకళ్ళ చేతికిచ్చి పంపిస్తారా?"

"నాన్నా, కొట్టు సంగతి..."

"వచ్చాక మాట్లాడదాం."

మధ్యాహ్నం సిలిండరు తోసుకుంటూ కిటికీ పక్క మంచానికే వెళ్ళాడు. ఆదెమ్మ మొహానికి మాస్కు పెట్టారు. డాక్టరుగారు వచ్చి, మందు పెంచి, శాంతయ్యని వరండాలోకి తీసుకెళ్ళి నెమ్మదిగా ఏదో చెప్పారు. శాంతయ్య తిరిగొచ్చి మళ్ళీ అక్కడే, అలాగే కూర్చున్నాడు. గాజుల మూట చొక్కా జేబులో ఎత్తుగా కనబడుతోంది.

ముదస్సిర్ ఆమె మడమల కింద గుడ్డ సర్దాడు. ఆమె కళ్ళు తెరిచి, ఎడమచెయ్యి కొద్దిగా ఎత్తి ఆడించింది. చప్పుడు రాలేదు.

"దార్లో ఉంది మామ్మా. మా నాన్నే తెస్తున్నాడు."

మాస్కు కింద పెదవులు కదిలాయి. నవ్వో, ఊపిరో.

ఎండ కిటికీ దిగి నేలమీదకి జారాక, అతను పక్క మంచానికి నీళ్ళ సీసా పెడుతుండగా, ఆదెమ్మ పోయింది. పెద్ద అలికిడేమీ లేదు. సూసన్ పిలిస్తే డాక్టరుగారు పరుగునే వచ్చారు. చేయవలసినవన్నీ చేశారు. ఆ తరవాత సూసన్ తెర లాగింది. సిలిండరు కట్టేసింది ముదస్సిరే.

సూది తీసి, దూది అతికించి, ఆడ నర్సులు ఒళ్ళు తుడిచి దుప్పటి కప్పారు. ఊరినుంచి బండి వస్తోందని ఎవరో చెప్పారు. శాంతయ్య జేబులోంచి మూట తీశాడు. విప్పడం చేతకాక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఉత్త చేతులతో తీసుకెళ్ళలేనయ్యా," అన్నాడు. "నువ్వు తీసినయ్యేగా. నువ్వే తొడుగు నాయనా."

ముదస్సిర్ సూసన్ వైపు చూశాడు. ఆమె తెర కొంచెం పక్కకి జరిపి, సబ్బునీళ్ళ గిన్నె తెచ్చి పెట్టింది.

మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. అరచెయ్యి చాపాడు. ఈసారి ఆ చెయ్యి ఇచ్చేవాళ్ళు లేరు. శాంతయ్యే దాన్ని ఎత్తి అతని అరచేతిలో పెట్టాడు. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఇప్పుడు బిగుతైనా ఆమెకి తెలిసేది ఏమీ లేదు. అయినా తెలుస్తుందన్నట్టే నొక్కాడు, తెలుస్తుందన్నట్టే ఆగాడు. అయిదూ ఎక్కాయి, ఒక్కటీ విరగలేదు. గీతలున్న వైపు పైకి వచ్చేలా తిప్పి, చేతిని దుప్పటి కిందకి చేర్చాడు. అప్పుడు సన్నగా చప్పుడైంది. శాంతయ్య ఆ చప్పుడు విని ఏడ్చాడు. పొద్దున్నుంచి అదే మొదటిసారి ఏడవడం.

స్ట్రెచర్ వరండాలో సగం దూరం వెళ్ళేసరికి, చెమట తుడుచుకుంటూ చాంద్ బాషా ఎదురొచ్చాడు. చేతిలో న్యూస్‌పేపరు పొట్లం. దుప్పటి అంచులోంచి బయటికొచ్చిన చేతిని చూసి ఆగిపోయాడు. టోపీ సర్దుకున్నాడు. పొట్లం ముందుకి చాపాడు.

"ఇంకెందుకులే బాషా," అన్నాడు శాంతయ్య. రెండు చేతులూ జోడించి స్ట్రెచర్ వెనక నడిచాడు. మెట్ల దగ్గర ముదస్సిర్ తలవైపు ఎత్తి పట్టాడు. బండి తలుపు పడింది. దుమ్ము రేపుకుంటూ హైవే వైపు వెళ్ళిపోయింది.

తిరిగొస్తే తండ్రి వార్డు బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు. ముదస్సిర్ పక్కన చతికిలబడ్డాడు. ఇద్దరూ కాళ్ళు చాపుకున్నారు.

"ఆ గాజులు ఎవరు తొడిగారు?"

"నేనే."

"పోయాకా?"

"ఊఁ."

చాంద్ బాషా కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నన్ను శానామంది పిలిచారు, అట్టాంటప్పుడు. ఒక్కసారీ పోలా. కొట్లో జనం ఉన్నారని చెప్పేవాణ్ణి." అద్దాలు పెట్టుకున్నాడు. "జనం ఉండేవాళ్ళు కాదు."

ముదస్సిర్ అరచేతి మీది కట్టు చూసుకున్నాడు.

"కొట్టు వదిలేస్తామని ఓనరుకి చెప్తా," అన్నాడు తండ్రి.

"నేనింకా ఏం చెప్పలేదుగా నాన్నా."

"చెప్పమాక. నువ్వు చెప్తే వస్తానంటావ్. వస్తానంటే కాదనే ఓపిక నాకు లేదు. బుట్టలో పెట్టుకుని ఇంటి అరుగు మీద అమ్ముకుంటాలే. మీ అమ్మ కళ్ళు బానే ఉన్నాయి, సైజులు ఆవిడ చూస్తది." లేవబోయాడు. మోకాళ్ళు పట్టుకుని ఇంకోసారి లేచాడు. "బస్సు ఎక్కడ ఆగుద్ది?"

"గేటు బయట. పద, దింపుతా."

"నీకు డ్యూటీ లేదా?"

ఉంది. అప్పటికే లోపలినుంచి సూసన్ పిలుస్తోంది. ఆడవాళ్ళ వార్డులో ఎవరో బాషా కొడుకుని పంపమంటున్నారట. పోతూ పోతూ మగవార్డుకి సిలిండరు చేర్చి పొమ్మంది. తండ్రి నెమ్మదిగా గేటు దాటేవరకు చూసి, ముదస్సిర్ సిలిండరు వంచి చక్రం మీదకి తెచ్చి తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు.

బల్లమీద పొట్లం అలాగే ఉండిపోయింది. గాలికి న్యూస్‌పేపరు కొద్దికొద్దిగా విచ్చుకుంది. లోపల ముదురుపచ్చ గాజు, బంగారుగీతది, రెండు పది సైజు. ఆ ఒక్క సాయంత్రానికి, ఆ ఒక్క చేతికి తప్ప ఎవరికీ సరిపోనంత వదులు.