బొట్టు పెట్టిన టైర్లు

అమలాపురంలో ఎర్రయ్య టైర్ల కొట్టు లోపలికి వెళ్ళి చూస్తే, వెనక గోడవార గోనెపట్టా కప్పిన నాలుగు కొత్త టైర్లు కనిపిస్తాయి. అవి అమ్మకానికి కాదు. వాటిని ఫిట్‌నెస్ టైర్లంటారు. ఏ టాక్సీకో ఏ వ్యానుకో ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడితే, ఆ పూటకి వాటిని అద్దెకి తెచ్చి బిగించుకుంటారు. బ్రేకినస్పెక్టరు చూసి, బండి భేషుగ్గా ఉందని రాసిచ్చాక, సాయంత్రానికల్లా విప్పి ఎర్రయ్యకి అప్పగించేస్తారు. మళ్ళీ తమ అరిగిన టైర్లు తాము తగిలించుకుని జనాన్ని ఎక్కించుకుంటారు. ఆ నాలుగు టైర్లూ పాసైనన్ని పరీక్షలు ఊళ్ళో ఏ పిల్లాడూ పాసై ఉండడు. దీన్ని మోసమని ఎవరూ అనరు, పద్ధతంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా అబ్బులుకి అరికాలి మంట నెత్తికెక్కేది.

అబ్బులు డ్రైవరు. యాభై ఆరేళ్ళవాడు. పన్నెండేళ్ళు దోహాలో ఓ హోటలువాళ్ళ లిమోజిన్ నడిపి వచ్చాడు. అక్కడ రోజూ పొద్దున్నే బండి చుట్టూ తిరగాలి. టైర్లు, బ్రేకులు, బెల్టులు, మంటలార్పే సిలిండరు చూడాలి. వెనక సీట్లో కూర్చుని, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటోందో లేదో తన చేత్తో తీసి చూడాలి. అన్నిటికీ టిక్కులు పెట్టి సంతకం చేస్తేగాని తాళం చేతికిచ్చేవారు కాదు. మొదట్లో విసుక్కున్నాడు. పోనుపోను అది అన్నానికి ముందు చేతులు కడుక్కోవడంలా అలవాటైపోయింది.

ఊరికొచ్చాక సురేంద్ర దగ్గర కుదిరాడు. సురేంద్ర పెళ్ళిళ్ళకి షామియానాలూ కుర్చీలూ సప్లయి చేసే ముప్పయ్యేళ్ళ మనిషి. రెండేళ్ళ కిందట ఎక్కడి నుంచో ఓ తెల్ల లిమోజిన్ కొనుక్కొచ్చాడు. ఏ రాష్ట్రంలోనో, ఏ షెడ్డులోనో మామూలు బండిని నడిమికి కోసి, మధ్యలో ముక్క అతికి సాగదీసిన సరుకది. లోపల పదిమంది ఎదురెదురుగా కూర్చోవచ్చు. నీలం లైట్లు, అద్దాలు, పాటలు. దాన్ని అందరూ పొడుగుకారనేవారు. పెళ్ళికూతురు పొడుగుకారులో దిగితేగాని అది పెళ్ళే కాదన్నంత వరకూ వచ్చింది వ్యవహారం. పైన పటారం, లోన లొటారం. టైర్లు బోడిగుండులా అరిగిపోయాయి. వెనక పదిమందికీ కలిపి ఉన్నది ఒక్కటే తలుపు, దానికి లోపలి పిడి విరిగిపోయింది. బయటి నుంచి ఎవరైనా వచ్చి తీస్తేనే లోపలివాళ్ళు దిగాలి. ఆ తీయడాన్ని కూడా సురేంద్ర మర్యాద కింద జమకట్టి, తలపాగా పెట్టిన మనిషిని ఒకణ్ణి అందుకోసమే నిలబెట్టేవాడు.

అబ్బులు మూడు నెలల నుంచి చెబుతూనే ఉన్నాడు. చెప్పినప్పుడల్లా సురేంద్ర, ఈ ముహూర్తాలు దాటనీ బాబాయ్ అనేవాడు. కోనసీమలో ముహూర్తాలు ఎప్పుడు దాటాయి గనక? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

క్రితం నెలలో ఓ మధ్యాహ్నం, కాలవగట్టు మీద చిన్న తుంపర పడుతుండగా బండి పక్కకి జారింది. వెనక చక్రం గట్టు అంచున ఆగింది. కింద నిండు కాలవ. లోపల పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు పాటలు పాడుతున్నారు, వాళ్ళకి ఏమీ తెలియదు. అబ్బులు దిగి చూస్తే, చక్రానికీ నీళ్ళకీ మధ్య జానెడు గడ్డి ఉంది. టైరు మీద చెయ్యి వేస్తే లోపలి తీగలు వేళ్ళకి గుచ్చుకున్నాయి. ఆ సంగతీ చెప్పాడు. ఏమీ కాలేదుగా బాబాయ్ అన్నాడు సురేంద్ర.

ఏమీ కాలేదుగా! ఈ ఒక్క మాట మీదే సగం దేశం నడుస్తోందని అబ్బులుకి ఆ రోజే అర్థమైంది.

ఫిట్‌నెస్ రోజు వచ్చింది. పొద్దున్న సురేంద్ర షెడ్డుకి వెళ్ళేసరికి పొడుగుకారు నాలుగు కొత్త టైర్ల మీద నిలబడి ఉంది. లోపల ఎర్రగా మెరిసే సిలిండరు, మందుల పెట్టె, అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, అన్నీ అమర్చి ఉన్నాయి. అబ్బులు మనసు నిండిపోయింది. తన మాట చివరికి చెవికెక్కిందనుకున్నాడు. వంగి టైరుని చేత్తో నిమిరాడు. అప్పుడు కనిపించింది, లోపలివైపు తెల్ల రంగుతో వేసిన ఎర్రయ్య గుర్తు. సిలిండరు అడుగునా అదే గుర్తు, సుత్తి పిడి మీదా అదే.

బ్రేకినస్పెక్టరు లంచగొండి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎండలో నిలబడి ఓపిగ్గా అన్నీ చూశాడు. లైట్లు వేయించాడు, బ్రేకు తొక్కించాడు, టైరు గాడిలో గేజీ పెట్టి లోతు చూశాడు. సిలిండరు మీద తారీఖు చదివాడు. వెనక తలుపు బయటి నుంచి లాగితే తెరుచుకుంది, అంతటితో ఊరుకున్నాడు. ఆయన కళ్ళెదుట ఉన్నది ఆయన చూశాడు. వెళ్ళబోతూ అబ్బులు వైపు తిరిగి, “ఏవయ్యా, నడిపేది నువ్వే కదా. బండెలా ఉంది?” అని అడిగాడు.

అడగవలసిన మనిషి, అడగవలసిన ప్రశ్న, అడగవలసిన చోట అడిగాడు. మూడు నెలలుగా అబ్బులు చెబుతున్నదంతా నాలుక చివరికొచ్చింది. పక్కన సురేంద్ర అతని వైపే చూస్తున్నాడు.

“ఆయ్. బాగుందండి,” అన్నాడు అబ్బులు.

సర్టిఫికెట్ వచ్చింది. బండి ఏడాది పాటు జనాన్ని మోయడానికి అన్ని విధాలా యోగ్యమైనదని ముద్ర పడింది. సురేంద్ర మీద కోపం సగమైంది అబ్బులుకి, మిగతా సగం తన మీదికి తిరిగింది. ఎడారిలో ఎవడో సూపర్‌వైజరుకి భయపడి నిజం రాసినవాడు, సొంత ఊళ్ళో నోరు మూసుకున్నాడు. తన నాలుక తనకే చేదుగా అనిపించింది.

అక్కడి నుంచి బండి తిన్నగా ఐనవిల్లి వెళ్ళింది. సురేంద్ర నాయనమ్మ అప్పాయమ్మగారి మొక్కది. ఎనభై దగ్గరపడిన మనిషి, పూజ పళ్ళెంతో దారిలో ముందు సీట్లో ఎక్కింది. పరీక్ష గట్టెక్కితే సిద్ధివినాయకుడి దగ్గర వాహన పూజ చేయిస్తానని మొక్కుకుంది. పూజారిగారు సురేంద్ర పేరూ గోత్రమూ చెప్పించి సంకల్పం చేయించారు. కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. టైర్లకి బొట్లు మాత్రం తనే పెడతానంది అప్పాయమ్మగారు. మోకాళ్ళు సహకరించకపోయినా, ఒక్కో చక్రం దగ్గరా కింద కూలబడి, పసుపు రాసి కుంకం బొట్టు పెట్టి, పసిబిడ్డకి చెప్పినట్టు నెమ్మదిగా, “ఎవరి పిల్లలు ఎక్కుతారో నాయనా, జాగ్రత్తగా దింపు,” అంటూ నాలుగుసార్లు నాలుగు టైర్లకీ చెప్పింది.

అద్దె టైర్లకి. సాయంత్రానికి పోయే టైర్లకి. అబ్బులు వినలేక ముఖం తిప్పుకున్నాడు. తర్వాత బండి ముందుకి పోనిచ్చి నాలుగు నిమ్మకాయలూ తొక్కించాడు.

నాలుగు గంటలకి సురేంద్ర ఇల్లు చేరేసరికి ఎర్రయ్య జాకీతో సహా వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. పక్కన పాత టైర్లు నాలుగూ దొర్లించి ఉన్నాయి. అప్పాయమ్మగారు కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే రాజోలు నుంచి శ్రీకళ అనే పెళ్ళికూతురినీ, వెంట తొమ్మిదిమంది ఆడపిల్లల్నీ కొత్తపేట కల్యాణమండపానికి తీసుకెళ్ళాలి. మళ్ళీ అదే కాలవగట్టు.

పాత టైర్ల మీద తను బండి తియ్యనని అబ్బులు చెప్పేశాడు. సురేంద్రకి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

“ఏడాది దాకా మనకి కాగితం ఉంది బాబాయ్. ఇంకెవరికి భయపడాలి మనం?”

“కాగితం రోడ్డు మీద నడవదు బాబూ. ఆ బండి కాలవలో పడితే, లోపలున్న పిల్లలు తలుపు కూడా తీసుకోలేరండి.”

అస్తమానం ఆ అశుభం మాటలేమిటని సురేంద్ర విసుక్కున్నాడు. మీరు రాలేనంటే పర్వాలేదు, మండపేట నుంచి సాయి అనే డ్రైవరు వస్తానన్నాడు, వాడు లారీలే తోలినవాడు అన్నాడు. అదీ సంగతి. అబ్బులు మానేస్తే అబ్బులు ఒక్కడే బతుకుతాడు, ఆ పదిమంది ఎలాగూ ఎక్కుతారు. మానేసే హక్కు కూడా ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఎర్రయ్య జాకీ తిప్పాడు. పసుపూ కుంకమూ ఆరని చక్రం నేల వదిలి లేచింది.

అప్పుడే అప్పాయమ్మగారు చెంగుతో ముఖం తుడుచుకుంటూ అరుగు మీదికొచ్చింది. ఇప్పుడే పూజ చేయించుకొచ్చిన బండికి చక్రాలు విప్పడమేమిటని అడిగింది. చిన్న రిపేరు మామ్మా అని సురేంద్ర చప్పున అందుకున్నాడు. పొద్దున్న మింగిన నిజాన్ని అబ్బులు ఈసారి మింగలేదు.

“రిపేరు కాదండి దొడ్డమ్మగారూ. మీరు ఇందాక బొట్టెట్టిన టైర్లు మనవి కాదండి. అద్దెకి తెచ్చినవండి. అవి ఇప్పేసి, ఆ బోడివి బిగిస్తారండి. రేపు రాజోలు పిల్లలు ఎక్కేది వాటి మీదేనండి.”

ముసలావిడ ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. దొర్లించిన పాత టైరు మీద చెయ్యి వేసి చూసింది. పైకి లేచిన కొత్త టైరు మీద తన బొట్టు చూసింది.

“సంకల్పం ఎవరి పేరున చెప్పించేవురా?”

“నా పేరునే మామ్మా.”

“గోత్రం?”

“మనదే.”

“నిమ్మకాయలు తొక్కిన చక్రాలు ఎవరివి?”

సురేంద్ర ఎర్రయ్య వైపు చూశాడు. “అరువు సొమ్ము బరువు చేటు, తియ్యాపెట్టా తీపుల చేటు,” అందావిడ. “మనుషుల్ని మోసం చేసేవంటే చేసేవు. విఘ్నేశ్వరుడికి కూడా అద్దె టైర్లు చూపించేవా?”

ఎర్రయ్య చేతిలోంచి స్పానర్ జారింది. పసుపూ కుంకమూ చూసి ఇంట్లో పెట్టిన బొట్లనుకున్నాడు గాని, ఆ టైర్లు ఐనవిల్లి దేవుడి దగ్గరికి వెళ్ళొచ్చాయన్న సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. గభాలున టైరుని తాకి కళ్ళకద్దుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. “నేనిప్పనండి. దేవుడి పూజ అయిన టైరు ఇప్పితే నా కొట్టు కాలిపోద్దండి. మీరే ఉంచేసుకోండి,” అన్నాడు.

సురేంద్ర ముఖం పాలిపోయింది. చట్టానికి వెరవని మనిషి, కాలవకి వెరవని మనిషి, తన పేరూ గోత్రమూ దేవుడి చెవిన పడ్డాయని గుర్తొచ్చేసరికి చెమటలు కక్కాడు. సరే, కొనేస్తానన్నాడు. జాకీ దిగింది. కొత్త టైర్లు ఉన్నచోటే ఉండిపోయాయి.

అబ్బులు సంతోషించవలసిన ఘడియ అది. అతనికి మాత్రం ఒళ్ళంతా మంటెత్తింది. పదిమంది ఆడపిల్లల ప్రాణాలు పోతాయని మూడు నెలల పాటు నోరు నొప్పెట్టేలా చెబితే కదలనివాడు, నాలుగు నిమ్మకాయలకి కదిలాడు. అంటే ఆ పిల్లల విలువ సంతలో నాలుగు నిమ్మకాయల పాటి కూడా చెయ్యదన్నమాట. దేవుడంటే భయమున్నందుకు సంతోషించాలో, మనిషంటే లెక్కలేనందుకు ఏడవాలో తెలియక, అక్కడే నిలబడిపోయాడు.

ఈలోగా ఎర్రయ్య, టైర్లు పోతే పోయాయి, మిగతావైనా దక్కించుకుందామని బండిలోంచి సిలిండరు బయటికి తీశాడు. మందుల పెట్టె చంకలో పెట్టుకున్నాడు. సుత్తి జేబులో దోపుకున్నాడు. ఇవెక్కడికని అబ్బులు అడిగితే, రేపు ఓ స్కూలు వ్యానుకి ఫిట్‌నెస్ ఉందండి, దానికి కావాలి అన్నాడు మామూలుగా. వీటికి బొట్టు పడలేదు కదండీ అని కూడా అన్నాడు.

నిజమే, పడలేదు. అప్పాయమ్మగారి పూజ పళ్ళెం ముందు సీట్లోనే ఉంది. అందులో విప్పిన కుంకం పొట్లం ఉంది. అబ్బులు వెళ్ళి పొట్లంలో ఉంగరపు వేలు ముంచాడు. తిన్నగా వచ్చి ఎర్రయ్య చేతిలో ఉన్న సిలిండరుకి బొట్టు పెట్టాడు. చంకలో ఉన్న పెట్టెకి పెట్టాడు. జేబులోంచి సుత్తిని తనే బయటికి లాగి దానికీ పెట్టాడు.

“వీటికీ పూజయిపోయిందండి,” అన్నాడు.

ఇది అన్యాయం బాబాయ్, పూజారి లేకుండా పూజేమిటని సురేంద్ర గొణిగాడు. ఎర్రయ్య మాత్రం ఆ ఎర్ర చుక్కలకేసి చూసి, మూడింటినీ బండి లోపల పెట్టేశాడు. స్కూలువాళ్ళకి ఏం చెప్పనండీ అని బిక్కమొహం వేశాడు. సొంతంగా కొనుక్కోమని చెప్పండి, ఎక్కేది పిల్లలండి అన్నాడు అబ్బులు. బొట్టు బొట్టేరా, ఎవరు పెడితేనేం అని అప్పాయమ్మగారు మనవడి నోరు మూయించింది.

ఆవిడ అబ్బులు భుజం మీద చెయ్యి ఆనించి, బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ముఖంలో తృప్తి కనిపించింది.

“ఇప్పుడు బండి బాగుందా అబ్బులూ?”

అదే ప్రశ్న. పొద్దున్న ఎండలో అడిగినదే. జవాబు కోసం సురేంద్ర మళ్ళీ అతని వైపే చూస్తున్నాడు. ఆయ్ అంటే అక్కడితో అయిపోతుంది, అందరూ ఇళ్ళలోకి వెళ్ళి కాఫీ తాగుతారు. వేలికి మిగిలిన కుంకాన్ని అబ్బులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“లేదండి,” అన్నాడు. “వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదండి. కావాలంటే మీరు ఎక్కి కూర్చోండి, తలుపేస్తాను.”

అప్పాయమ్మగారు అతని వైపు ఒకసారి చూసి, పైట సర్దుకుని, బండెక్కింది. కూర్చున్నాక మనవణ్ణి కూడా రమ్మని పిలిచింది. సురేంద్ర తల వంచుకుని లోపలికెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

అబ్బులు తలుపు వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.