విమానం కాలికి సొర నూనె

ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు సోనేపూర్‌కి బయలుదేరినప్పుడు నా బండిలో ఉన్నవి రెండు కొబ్బరి మోకులు, పడవలకి పూసే సొరచేప నూనె ఒక డబ్బా. వాటిని పడవలవాళ్ళకి అమ్మి ఎండుచేపలు కొని బరంపురం దుకాణానికి తెచ్చుకోవాలి.

ఒడ్డున చిన్న విమానం ఎడమవైపుకి ఒరిగి ఉంది. అలలు తోకను తాకుతున్నాయి. నడిపిన దొర తంతి కొట్టడానికి గోపాల్‌పూర్ వెళ్ళాడట. నాకు చేపలిచ్చే గంగన్న నా మోకులు చక్రాల కాళ్ళకి కట్టి, పడవను లాగినట్టే మనుషుల్ని పెట్టి పైకి లాగించాడు. తీరా చూస్తే ఎడమకాలు విరిగి ఉంది. వెంటనే నా డబ్బా విప్పి విరిగినచోట నూనె పట్టించాడు.

"అదెందుకు గంగన్నా?"

"ఒడ్డెక్కిన ఇనుముకి రాయమేటి బాబూ? ఉప్పు తినేస్తాది."

"పరాయి ఇనుముకి ఎంత సేవో! మనింటి గొళ్ళానికి ఎప్పుడైనా రాసినావా?" అంది అతని భార్య కాసమ్మ.

ఆ వారంలోనే కలకత్తా నుంచి విచారణ అధికారి వచ్చి నన్నూ సాక్షిగా పిలిపించాడు. తాను క్షేమంగానే దిగాననీ, కాలు విరగ్గొట్టింది వీళ్ళేననీ, అది దాచడానికే నూనె పూశారనీ దొర ఫిర్యాదు. అదే నిజమైతే గంగన్నకి జైలు.

"మీరు చూసేసరికే కాలు విరిగిందా? చక్రం ఇసుకలో దిగబడి ఒరిగిందా?" అని అధికారి నన్నడిగాడు.

విరిగే ఉందనుకున్నాను. అంతలో చక్రం సగం ఇసుకలో ఉన్నట్టు గుర్తొచ్చింది. అది ఏ చక్రమో మళ్ళీ అనుమానం.

"ఒరగడం చూశానండీ. ఎందుకు ఒరిగిందో చూడలేదు."

"నూనె ఎప్పుడు రాశారు?"

"లాగిన వెంటనే. డబ్బా నాదే."

ఆయన పెట్రోలు గుడ్డతో నూనె తుడిచాడు. విరిగిన ఇనుము ఒక సగం తెల్లగా మెరుస్తోంది, రెండో సగం తుప్పు.

"ఈ సగం ఎప్పుడో పగిలింది. నూనె కింద ఇంత తుప్పు పుట్టదు. మిగతా సగం దిగేటప్పుడు తెగిందో, మోకు లాగితే తెగిందో నేను చెప్పలేను. ఇలాంటి కాలితో ఎగరడమే తప్పు," అన్నాడు. దొర సముద్రంకేసి తిరిగాడు.

ఆ ఇంగ్లీషంతా నేను తెలుగులో చెప్పాక గంగన్న మరీ అయోమయంలో పడ్డాడు.

"బాబూ, ఇరిగినదాన్ని లాగినామా, లాగితే ఇరిగిందా?"

"నాకూ తెలీదు."

"మరి నాను తప్పు సేసినట్టా, సెయ్యనట్టా?"

"జైలుకి కాదు, ఇంటికెళ్తున్నావు. అంతవరకే తేలింది."

ఎన్నిసార్లు లెక్క చూసుకున్నా ఇందులో నాకు మిగిలింది ఒక్కటే: మర్నాడు గంగన్న ఎప్పటిలాగే చేపల వేటకెళ్ళాడు.