బుజ్జి పేరుతో వేసిన ఎర

ఫోన్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ తాళాల మాస్టారు అంటారు. ఇనప తాళాలు కావు లెండి, పిల్లలు చూడకూడనివి చూడకుండా ఫోన్లలో వేసే తాళాలు. ఎవరింట్లో పిల్లవాడు అన్నం మానేసి ఫోన్లో తల దూర్చినా, మర్నాటికల్లా ఆ ఫోను ఆయన బల్ల మీదుండేది. తాళం వేసినంతసేపూ తల్లిదండ్రులకు చీవాట్లే. "కన్నారుగా, ఒక కన్నేసి ఉంచలేరా?" అని ఎంతటివాళ్లనైనా కడిగేసేవాడు.

ఆ శనివారం సాయంత్రం పెద్ద టీచరమ్మ బడి హాల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టి, మాట్లాడమని ఆయన్నే పిలిచింది. వీధి వీధంతా కదిలొచ్చింది. తలుపు గడియ పెట్టుకోమని పిల్లలకు చెప్పి మరీ వచ్చారు. మాస్టారి భార్య ముందు వరసలో కూర్చుంది. వాళ్ల పదేళ్ల కూతురు ఇంట్లో బొమ్మలు వేసుకుంటోంది.

మాస్టారికి ఉత్త ఉపన్యాసాలు గిట్టవు. కళ్లారా చూపిస్తే తప్ప జనం బుర్రకెక్కదని ఆయన నమ్మకం. అందుకే కొన్నాళ్ల కిందట ఓ ఎర వేశాడు. పిల్లలు బొమ్మలు గీసుకుంటూ ఒకరికొకరు కబుర్లు రాసుకునే ఆట ఒకటుంది. అందులో పదేళ్ల పిల్లలా చేరాడు. కొత్త పేరు ఆలోచించే ఓపిక లేక, కూతుర్ని ఇంట్లో పిలిచే 'బుజ్జి' అన్న పేరే పెట్టేశాడు. పిల్లికూనలంటే ప్రాణమని రాశాడు. అదీ కూతురి పిచ్చే. ఊరందరికీ బుద్ధులు చెప్పే మనిషికి ఆ మాత్రం తట్టలేదు మరి!

"ఇదిగో చూడండి," అన్నాడు. ఆయన ఫోన్లో ఉన్నదంతా ప్రొజెక్టర్ నుంచి గోడ మీద పడింది. "నేను చేరిన పూటే ఈవిడగారు పలకరించింది. తనకీ పదేళ్లేనట. ఇంట్లో పిల్లికూనలున్నాయట. ఈ రాత చూస్తే తెలీట్లా, ముదురు ఘటమని?"

హాలంతా కిసుక్కున నవ్వింది.

"ఇల్లెక్కడని అడిగితే పోస్టాఫీసు వెనకాల అని కోశాను. అమ్మానాన్నా ఎప్పుడు ఇంట్లో ఉండరంటే, శనివారం సాయంత్రం బడి మీటింగుకి పోతారన్నాను. ఏం చేస్తాడో చూద్దామని."

"అదొక్కటీ నిజం చెప్పకపోతే ఏం పోయింది?" అంది భార్య.

"నువ్వూరుకోవే. పోస్టాఫీసు వెనకాల మొండిగోడ తప్ప ఏముంది కనక?" అంటూ వేలితో పైకి తోశాడు. పనుల ఒత్తిడిలో రెండు రోజులుగా ఆయన ఆ ఆట తెరవలేదు.

పోస్టాఫీసు మాట కింద, బుజ్జి పేరుతోనే, ఆయన రాయని ముక్క ఒకటుంది.

"అది తప్పు పడింది. మా ఇల్లు ఇస్త్రీ షాపు పైన. మెట్లెక్కగానే నీలం తలుపు."

ఫోను చెడిందేమో అనుకున్నాడు ముందు. తరవాత గుర్తొచ్చింది. ఎర వేసింది ఇంట్లో ఉన్న పాత టాబ్లెట్ మీద, ఫోన్లో తెరిచిందీ అదే ఖాతా. పగిలిన అద్దం మార్చి, అన్నింటికీ తాళాలేసి, మొన్ననే కూతురి చేతికిచ్చాడు. ఆ ఒక్క ఆటకే తాళం వెయ్యలేదు, వేస్తే ఫోన్లో తన పనీ ఆగిపోతుందని. ఆట లోంచి బయటికి రావడం కూడా మరిచిపోయాడు. పిల్ల తెరిచి చూసింది. తన పేరుంది, తనకిష్టమైన పిల్లికూనలున్నాయి, కూననిస్తానన్న ఓ స్నేహితురాలు కూడా ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది? అసలే అబద్ధం కంటబడితే సరిదిద్దకుండా ఉండలేని పిల్ల. అలా పెంచింది తనే.

అందరూ చూస్తుండగానే గోడ మీద ఆ స్నేహితురాలి పేరుతో కొత్త మాట పడింది.

"కూనని తెచ్చేశా. మెట్ల దగ్గరున్నా. ఒక్కదానివేనా?"

"ఊఁ. అమ్మానాన్నా మీటింగుకెళ్లారు."

"అయ్యో, నా తల్లీ!" భార్య కేకతో హాలు దద్దరిల్లింది. "ఎవరికైనా ఫోన్ చెయ్యండయ్యా!"

ఎవరికని చేస్తారు? పక్కింటావిడ ఇక్కడే ఉంది, ఎదురింటాయన ఇక్కడే ఉన్నాడు. వెనక వరసలోంచి ఇస్త్రీ ఆయన లేచి, "నేనూ షాపు మూసే వచ్చానమ్మా," అన్నాడు ఏడుపుగొంతుతో. అంటూనే పరుగందుకున్నాడు. ఆయన వెనక మాస్టారి భార్య, ఆవిడ వెనక ఇంకో పదిమంది. పెద్ద టీచరమ్మ పోలీసులకు ఫోన్ చేస్తోంది. ఎంత పరుగెత్తినా ఇల్లు చేరడానికి కొంతసేపు పడుతుంది. రాస్తే మాత్రం క్షణంలో చేరుతుంది. మాస్టారు అక్కడే నిలబడి రాశాడు.

"బుజ్జీ, నేను నాన్నని. తలుపు తియ్యకు."

ఆ మాట కూడా బుజ్జి పేరుతోనే పడింది. పిల్ల చదివింది, ఆ వచ్చినవాడూ చదివాడు.

"ఎవరు నువ్వు? నాన్ననని ఎవరైనా రాస్తారు, నమ్మొద్దని మా నాన్నే చెప్పాడు."

నిజమే. అన్నం ముద్దలు పెడుతూ పెడుతూ ఎన్నిసార్లు చెప్పాడో! పిల్ల అది పొల్లుపోకుండా అప్పజెప్పిన ప్రతిసారీ మురిసిపోయాడు కూడా. ఇప్పుడు తనకూ కూతురికీ మాత్రమే తెలిసింది ఏదో ఒకటి రాయాలి. ఏం రాయాలి? మోకాలి మీద మచ్చ గురించి రాయబోతే వేళ్లు తడబడి అక్షరాలన్నీ కలిసిపోయాయి.

ఈలోగా అవతలివాడే రాశాడు.

"భలే తెలివైనదానివి! వాణ్ణి నమ్మకు. గంట కొడతా, విను."

బుజ్జి పేరు కింద జవాబు పడింది.

"వినబడింది. వస్తున్నా."

మాస్టారు "వద్దు" అని రాశాడు. మళ్లీ రాశాడు. రాస్తూనే ఉన్నాడు. బుజ్జి పేరు కింద గోడ నిండా వద్దు, వద్దు, వద్దు. జవాబు రాలేదు. చదవాల్సిన పిల్ల అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లిపోయింది.